చివరి తలకట్టు

పట్టపుపాలెం ఒడ్డు నుంచి,
ఆదివారం పొద్దున.

అబ్బాజాన్‌కు మీ ఫరీన్ సలాములు. ఈ ఉత్తరం మీకు చదివి వినిపించేది అమ్మీయే కాబట్టి ఆమెకు ఇంకో రెండు ఎక్కువ.

అల్లా దయవల్ల ఇక్కడ నేనూ దాదీ కులాసా. చెన్నైలో మీరూ, అమ్మీ, ఫుప్పూ ఇంట్లో అందరూ కులాసాగా ఉండాలని ప్రతి నమాజులో అడుగుతున్నాను. ముత్తుకూరు ఇంట్లో కూర్చుని రాయకుండా ఈ పాలెం వలల పాకలో కూర్చుని ఎందుకు రాస్తున్నానో తర్వాత చెబుతాను. అసలు ఈ ఉత్తరం పోస్టు చేస్తానో లేదో కూడా ఈ పూటకు నాకు తెలియదు. మీ చేతికి అందిందంటే, పోస్టు చేయదగ్గ కబురు ఏదో వచ్చిందని అర్థం. కాబట్టి అమ్మీ, నడుమ ఎక్కడా గొంతు మార్చకుండా చదువు. నీ గొంతు వణికితే అబ్బా బీపీ పెరుగుతుంది.

మీ పోయిన ఉత్తరం అందింది. అమ్మీ రాసిన దాని కింద మీరు ఎడం చేత్తో నా పేరు రాశారు చూడండి, అది దాదీకి చూపించాను. "ఏ కోడి గెలికిందే దీన్ని?" అంది. మీరు రాశారని చెప్పాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆ కాగితం నా పుస్తకంలో పెట్టుకున్నాను. నవ్వడానికి కాదు.

బోట్ల మీద పేర్లు రాసే మీ బ్రష్షులు ఎండిపోనివ్వొద్దన్నారు. కిరసనాయిల్‌లో కడిగి, నూనె రాసి, మీ పాత లుంగీ గుడ్డలో చుట్టి పెట్టాను. దాదీ మోకాళ్ళ మందు అయిపోకముందే తెస్తున్నాను. పక్షవాతం వచ్చి మీ కుడి చెయ్యి పడిపోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకల్లా కళ్ళ ఆపరేషన్ అని చెబుతున్నాం. "హుస్సేన్ సాహెబ్ చెయ్యి పడిపోయిందని తెలిస్తే నేను బతికుండగానే నా పేరు చెరిపేస్తారు" అని మీరు అమ్మీ చేత రాయించిన మాట మరిచిపోలేదు. మరిచిపోలేదు అని రాయడానికి కూడా ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

మీరడిగిన ఇంకో ప్రశ్న, రమణయ్య మామ కొత్త బోటు మీద పేరు ఎవరు రాశారన్నది. దానికి జవాబు చెప్పాలంటే ముందు మా మిషన్ సంగతి చెప్పాలి.

మా పాలిటెక్నిక్ ప్రాజెక్టుకు నేనూ, రోజా, రమణయ్య మామ కొడుకు గణేష్ కలిసి బొమ్మలు గీసే మిషన్ చేస్తున్నామని చెప్పాను కదా. గోడకు పైన రెండు మూలల్లో రెండు మోటార్లు. వాటి నుంచి రెండు తాళ్ళు వేలాడతాయి, అవి కలిసే చోట పెన్ను ఉంటుంది. ఒక తాడు చుట్టుకుంటే పెన్ను అటు పోతుంది, రెండోది చుట్టుకుంటే ఇటు వస్తుంది. ఏది ఎంత చుట్టుకోవాలో, ఎంత వదలాలో లాప్‌టాప్ లెక్క కట్టి చెబుతుంది. మీరు నీలం పొడి అద్దిన దారం గోడ మీద లాగి వదిలి గీత కొడతారే, ఆ దారమే తనంతట తాను నడిచినట్టుంటుంది.

మొదట తాళ్ళకు గణేష్ ఇంటి నుంచి వలలల్లే నైలాన్ దారం తెచ్చాడు. "చేపలనే మోస్తాది, నీ పెన్నును మొయ్యదా?" అన్నాడు. మోసింది. మోసి మోసి సాగింది. గుండ్రంగా సున్న గీయమంటే దోసకాయ గీసి పెట్టింది. రోజా ఆ దోసకాయకు కాడా ఆకూ గీసి గోడకు అంటించింది. తర్వాత పళ్ళున్న రబ్బరు బెల్టు వేశాక మిషన్ బుద్ధిగా గీయసాగింది. అప్పుడు మా నరేంద్రబాబు సార్ ఒక మెలిక పెట్టారు. "కాగితం మీద గీసేవి ప్రతి ఏడూ వస్తాయమ్మా. బయట ఒక నిజం పనికి వాడి చూపించండి" అన్నారు.

సరిగ్గా అప్పుడే చేపల వేట నిషేధం ముగిసే రోజు దగ్గర పడింది. పాలెంలో బోట్లన్నీ రంగులు వేసుకుని తయారయ్యాయి. రమణయ్య మామ బోటు ఒక్కటే పేరు లేకుండా నిలబడి ఉంది. నాయుడుపేటలో స్టిక్కర్లు కొట్టించుకొస్తానని గణేష్ అంటే మామ మండిపడ్డాడు. "స్టిక్కరు అతికించుకోని పోడానికి అదేమన్నా ఆటోనా? మా నాయన బోటుకు సాహెబు నాయన రాసినాడు, నా బోటుకు సాహెబు రాయాల. ఆ చెయ్యి పడందే ఇది నీళ్ళు తాకదు" అన్నాడు.

ఆ చెయ్యి ఇక పడదని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. అందరూ నా వైపు చూశారు. నా నోటి నుంచి అబద్ధం మంచినీళ్ళలా వచ్చేసింది. "మా అబ్బా మద్రాసులో తన చేత్తో అక్షరాలు గీసి పంపినాడు మామా, వాటిని బోటు మీదికి ఎక్కించేది మేం చూసుకుంటాం" అన్నాను. గణేష్ అవ్వ ఆదిశేషమ్మ నా గడ్డం పట్టుకుని, "సాహెబు చేతివేనా మే?" అని అడిగింది. "అబ్బా అక్షరాలే అవ్వా" అన్నాను. అది నిజమే. రమణయ్య మామ పాత బోటు మీద మీరు రాసిన 'పోలేరమ్మ'ను ఫోటో తీసి, గీత గీతా లాప్‌టాప్‌లో ఎక్కించాం.

పనిచేసేటప్పుడు దిష్టి తగలకుండా మీరు కట్టే గుడ్డే బోటు చుట్టూ కట్టాం. అందరూ అన్నాలకు పోయిన వేళ ముక్కు పక్కన చట్రం బిగించి మిషన్ ఆన్ చేశాం. అబ్బా, నిజం చెబుతున్నాను. 'లే' తిప్పేటప్పుడు మీరు కొంచెం తొందరపడతారు కదా, ఆ తొందర కూడా దాని గీతలోకి వచ్చేసింది. మోటార్ల చప్పుడు వినిపిస్తున్నా, గుడ్డకు అటువైపు మీరు నిలబడి ఉన్నట్టే అనిపించి రెండుసార్లు తొంగి చూశాను. అది గీసిన గీతల నడుమ నేను ఎర్ర రంగు నింపాను.

నిండుగా నింపాను. తప్పంతా అక్కడే ఉంది.

మీరెప్పుడూ బోటు పేరు పూర్తిగా రాయరు. చివరి అక్షరానికి తలకట్టు పెట్టకుండా ఆపి, బ్రష్షు దించేస్తారు. ఆ ఇంటి ఇల్లాలు వచ్చి రంగులో వేలు ముంచి ఆ తలకట్టు పెడుతుంది. ఒడ్డున ఉండే చెయ్యి బోటు మీద ఉంటే బోటు ఒడ్డును మరిచిపోదని పాలెం నమ్మకం. భర్త పోయిన ఇంటి బోటుకు మాత్రం మీరే తలకట్టుతో సహా పూర్తి చేసి ఇస్తారు. కామాక్షయ్య సముద్రంలో చనిపోయిన ఏడాది అతని కొడుకుల బోటుకు మీరు అలా రాసి ఇచ్చినప్పుడు రంగు డబ్బా పట్టుకుని పక్కన నిలబడింది నేనే. కామాక్షయ్య భార్య ఆ పేరు చూసి ఇంట్లోకి పోయి తలుపు వేసుకోవడం కూడా చూశాను.

అన్నీ తెలిసినదాన్ని. కానీ పాత బోటుకు ఇల్లాలు ఎప్పుడో తలకట్టు పెట్టేసింది కాబట్టి ఫోటోలో అక్షరం నిండుగా ఉంది, మిషన్‌కు నిండుగా ఇచ్చాం, అది నిండుగా గీసింది. నింపేటప్పుడైనా నా చెయ్యి ఆగి ఉండాల్సింది. గీత వంకర పోలేదన్న సంబరంలో నాకు ఒళ్ళు తెలియలేదు.

గుడ్డ తీయగానే పాలెమంతా చప్పట్లు కొట్టింది. రమణయ్య మామ భార్య మాలకొండమ్మ అత్త తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, వేలు రంగులో ముంచి వచ్చింది. చివరి అక్షరం దాకా వచ్చి ఆగింది. వేలు పెట్టడానికి చోటు లేదు. ఎర్రటి చుక్క ఆమె వేలి నుంచి ఇసుకలో పడింది. ఆమె నా మొహం చూసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "సాహెబే పూర్తిగా పెట్టి పంపినాడు, మంచిదేలే" అని ఆమే నవ్వి, వేలు చీర చెంగుకు తుడుచుకుంది. ఆ ఒక్క క్షణంలో "కాదత్తా, పొరపాటు, ఉండు చెరిపేస్తా" అని ఉంటే అయిపోయేది. అలా అంటే అబద్ధం మొత్తం ఊడి వస్తుంది. నోరు మూసుకున్నాను.

నిషేధం తీరిన తెల్లారే బోట్లన్నీ వేటకు పోయాయి. మర్నాటికి అన్నీ తిరిగి వచ్చాయి. రమణయ్య మామ బోటు రాలేదు.

మామతో ఇంకో ముగ్గురున్నారు. ఇంజను మొరాయిస్తోందని ఆయన పక్క బోటు వాళ్ళకు కేకేసి చెప్పాడట. అంతలో దక్షిణపు గాలి లేచి వాన కమ్ముకుంది, ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు. ఫోను పలకడం లేదు. అధికారులకు చెప్పారు. నాలుగు బోట్లు వెతకడానికి పోయాయి, గణేష్ ఒకదాంట్లో ఉన్నాడు. నిన్నటి నుంచి నేను ఇంటికి పోలేదు. దాదీ కూడా వచ్చి పోలేరమ్మ గుడి ముందు ఆడవాళ్ళ పక్కన కూర్చుని తస్బీ పూసలు తిప్పుతోంది.

గాలి ఎవరు చెబితే లేచింది, ఇంజను ఎవరు చెబితే ఆగింది? తలకట్టుకూ ఇంజనుకూ సంబంధం లేదని నాకు తెలుసు, మూడేళ్ళు చదువుకున్నాను. అయినా సముద్రం వైపు చూసినప్పుడల్లా నాకు ఆ ఎర్ర రంగే కనిపిస్తోంది.

అంతకంటే ఘోరం ఇందాక విన్నాను. మాలకొండమ్మ అత్త నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆదిశేషమ్మ అవ్వ గ్లాసు పట్టుకుని బతిమాలుతోంది. అత్త తల తిప్పకుండా అంది: "సాహెబుకు ముందే తెలిసుండాది అత్తా. పెద్ద మనిషి, నమాజులు చేసే మనిషి, ఏదో కనపడుండాది. అందుకే నాకు చోటు పెట్టలా. ముండమోపి ఇంటి బోటుకు రాసినట్టు రాసి పంపినాడు."

అబ్బా, ఆమె భయపడుతున్నది సముద్రానికి కాదు, మీకు. మీరు ఆమె పసుపు కుంకాలను ముందే చెరిపేశారని అనుకుంటోంది. మీరు చూడని అక్షరానికి, పెట్టని తలకట్టుకు.

ఇప్పుడు నేను పోయి నిజం చెప్పాలి. చెబితే మీ చెయ్యి సంగతి పాలెమంతా తెలుస్తుంది. చెప్పకపోతే ఆమె ఆ మాట పట్టుకుని లోపల్లోపల చచ్చిపోతుంది. ముందు నుయ్యి వెనుక గొయ్యి. మిమ్మల్ని అడిగి చేయడానికి వ్యవధి లేదు. మీరైతే ఏం చేసేవారో నాకు తెలుసనే అనుకుంటున్నాను. తెలుసో, నాకు అనుకూలంగా అనుకుంటున్నానో. కాగితం మడిచి లేస్తున్నాను.

గురువారం, ముత్తుకూరు ఇంటి నుంచి.

అమ్మీ, ముందు ఈ మాట చదువు: బోటు వచ్చింది. నలుగురూ ప్రాణాలతో ఉన్నారు.

ఇక మిగతాది. ఆ రోజు నేను పోయి మాలకొండమ్మ అత్త ముందు ఇసుకలో కూర్చున్నాను. మిషన్ సంగతి, ఫోటో సంగతి, నా అబద్ధం, అన్నీ చెప్పాను. ఆమెకు మిషన్ తలకెక్కలేదు. "అయితే సాహెబు రాయలేదా? మరి ఎందుకు రాయలేదు?" అనే అడుగుతోంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "మా అబ్బా కుడి చెయ్యి లేవదు అత్తా. అన్నం కూడా అమ్మీనే తినిపిస్తోంది" అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె ముందురోజు నుంచి ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. భర్త కోసం కాదు, మీ కోసం. "అంత చెయ్యి! ఎట్టాంటి చెయ్యిమే అది!" అని నెత్తి కొట్టుకుంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే సాహెబు నాకు చోటు లేదనలా" అంది. "అనలేదత్తా" అన్నాను. అవ్వ చేతిలో గ్లాసు తీసుకుని నీళ్ళు గడగడా తాగింది. తాగి, నా మొహం మీదికి వంగి అంది: "మిషనుకు రాయడం నేర్పించినారు గదా, ఆపడం నేర్పించండి."

అయినా భయం తీరలేదు. నిజం చెబితే బోటు వస్తుందని ఎక్కడుంది? ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున, వచ్చిన ప్రతి బోటునూ నిలబడి చూశాం. ఒకటి ఉత్తిదే వచ్చింది. ఇంకోటి ఉత్తిదే వచ్చింది. గణేష్ ఎక్కిన బోటు కనిపించేసరికి రోజా నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఇప్పటికీ గోళ్ళ గుర్తులున్నాయి. ఆ బోటు నెమ్మదిగా వస్తోంది. ఎందుకంత నెమ్మదో ముందు అవ్వకు అర్థమైంది. "యెనకాల దేన్నో లాక్కొస్తుండారు" అంది. తాడు కొసన రమణయ్య మామ బోటు, దాని ముక్కు మీద ఎర్రటి అక్షరాలు. మామ మొహం ఎండకు కమిలిపోయింది, పెదాలు పగిలాయి. ఒడ్డున దిగి, నిలబడలేక అక్కడే ఇసుకలో కూర్చున్నాడు.

నిన్న ఆయన కొంచెం తేరుకున్నాక ఇంట్లోవాళ్ళు అక్షరం సంగతంతా ఆయనకు చెప్పారు. గణేష్‌కూ నాకూ బాగా తిట్లు పడ్డాయి, అవి రాయను. తర్వాత కత్తి తీసుకుని తనే బోటు దగ్గరికి పోయి ఆ తలకట్టు గీకేశాడు. మాలకొండమ్మ అత్త వేలు రంగులో ముంచుకుని వచ్చింది. వచ్చి మళ్ళీ ఆగింది.

"సాహెబు ఆపిన చోట గదా నేను పెట్టాల్సింది. ఇది సాహెబు ఆపింది కాదే" అంది.

మామ ఆ చివరి అక్షరం మొత్తం, కింద ఒత్తుతో సహా, గీకేశాడు. నేను ఏడుపు ఆపుకుంటూ, "అబ్బాకు ఎడం చెయ్యే ఉంది మామా. వంకర పోతాది" అన్నాను.

"పోనీలేమే. సముద్రం మీద తిన్నగా పొయ్యే బోటు యాడుండాది?" అన్నాడు.

ఇప్పుడు ఒడ్డున ఆ బోటు మీద 'పోలేర' అని మాత్రమే ఉంది. చూసినవాళ్ళు నవ్వుతున్నారు. మామ పట్టించుకోవడం లేదు. ఇంజను బాగయ్యేదాకా ఎలాగూ కదలదు, బాగయ్యాక కూడా మీరు వచ్చి రాసేదాకా నీళ్ళలోకి తొయ్యనని అందరి ముందూ అన్నాడు. ఖాళీగా ఉన్న ఆ చోటు మీద ఎవరూ చెయ్యి వేయకుండా అత్త తాటాకు చాప కట్టింది.

మిషన్‌కు ఆపడం నేర్పించాం. ఇప్పుడది చివరి గీతకు ముందు ఆగి పెన్ను పైకెత్తుతుంది. నరేంద్రబాబు సార్ చూసి, "ఇదేంటమ్మా, పూర్తి కాలేదు?" అన్నారు. "దీని పని అక్కడిదాకే సార్" అంది రోజా.

అబ్బా, మీ మాట దాటాను. మీ చెయ్యి సంగతి దాచమంటే ఊరంతా చెప్పాను. మీరు కోప్పడతారని భయంగా ఉంది. కోప్పడకుండా గోడ వైపు తిరిగి పడుకుంటారేమోనని అంతకంటే ఎక్కువ భయంగా ఉంది. అమ్మీ, ఇక్కడ కాస్త ఆగి అబ్బా మొహం చూడు. చూసి, ఎలా ఉందో నాకు రాయి.

పేరు చెరిపేస్తారన్నారు కదా అబ్బా. చెరిపారు. మీ పేరు కాదు, మిషన్ రాసిన అక్షరం చెరిపారు.

ఉత్తరంతో పాటు పార్సిల్‌లో మీ పాత బ్రష్షు ఒకటి పంపిస్తున్నాను. ఎడం చేతికి పట్టు దొరకాలని పిడికి గుడ్డ చుట్టి, దారంతో బిగించాను. వల దారమే, సాగుతుంది. మీ పట్టు పెరిగేకొద్దీ బిగించుకోవచ్చు.

ఇట్లు,
మీ కోపానికైనా, మీ చేతికైనా ఒడ్డున కాచుకుని ఉన్న
మీ కూతురు
ఫరీన్